అనుమానం ఉంటే అడగాలి కదా: శరణార్థి విచారణల్లో న్యాయం సంగతి

ఉత్తరాంధ్ర పల్లెల్లో అప్ప అంటే అక్క. తమిళమో కన్నడమో అలవాటైన చెవికి అదే మాట నాన్న. ఇప్పుడొక విచారణ గదిని ఊహించుకుందాం. మెల్‌బోర్న్‌లోనో టొరంటోలోనో అనుకోండి. భీమిలి వైపు నుంచి వెళ్ళిన మనిషి "ఆ రాత్రి మా అప్పని కూడా కొట్టారు" అంటాడు. ఫోన్లో ఉన్న దుబాసీ చెన్నైలో పెరిగిన తెలుగువాడు. నాన్నను కొట్టారని ఇంగ్లీషులో చెప్పేస్తాడు. గంట గడిచాక అదే మనిషి, తన చిన్నప్పుడే నాన్న పోయాడంటాడు. అధికారి కాగితం మీద ఆ మాట కింద గీత గీసుకుంటాడు. ఆ గీత ఎందుకు గీశాడో అడిగితే పది సెకన్లలో తేలిపోయే విషయం. అడక్కపోతే, కొన్ని నెలల తర్వాత ఇంటికొచ్చే నిర్ణయంలో "దరఖాస్తుదారు చెప్పినదానికి పొంతన లేదు" అనే వాక్యమై కూర్చుంటుంది.

ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళ విచారణల మీద వివిధ దేశాల కోర్టులు ఇచ్చిన పెద్ద తీర్పుల్లో చాలావరకు తిరిగి తిరిగి ఈ పది సెకన్ల దగ్గరికే వస్తాయి. ఏ కారణంతో కాదనబోతున్నారో ఆ కారణాన్ని ముందే ముఖాన చెప్పారా, జవాబు చెప్పుకునే వీలిచ్చారా అన్నదే అక్కడ ప్రశ్న. వీసా ఇచ్చారా లేదా అన్నది వేరే లెక్క. మన దగ్గర ఈ రెంటినీ కలిపేస్తారు. రిజెక్ట్ చేశారంటే అన్యాయం చేశారనే అర్థం. అన్నీ సక్రమంగా జరిగీ దరఖాస్తు కొట్టుకుపోవచ్చు. అడ్డదిడ్డంగా విచారించి కూడా వీసా ఇచ్చేయవచ్చు. న్యాయం జరిగిందా అని కోర్టు చూసేది దారిని, చేరిన చోటును కాదు.

విశాఖలో ఇది విడమరిచి చెప్పడం నిజానికి తేలిక. స్టీల్‌ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, రైల్వే ఉన్న ఊరిది. ఏ వీధిలో చూసినా డొమెస్టిక్ ఎంక్వైరీ, అంటే సంస్థ తన ఉద్యోగి మీద తానే జరిపే విచారణ, ఎదుర్కొన్న ఉద్యోగో, అలాంటి ఎంక్వైరీలో సాటి ఉద్యోగి పక్కన కూర్చున్న యూనియన్ నాయకుడో ఒకరైనా ఉంటారు. చార్జిషీటులో లేని ఆరోపణ మీద ఇంక్రిమెంటు కోస్తే వాళ్ళు ఊరుకోరు. ఎంక్వైరీ రిపోర్టు కాపీ ఉద్యోగి చేతికి ఇచ్చాకే శిక్ష సంగతి తేల్చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1993లో చెప్పింది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ కేసు అది. నీ మీద ఉన్న మాట ఏమిటో చెప్పాలి, నువ్వు చెప్పేది వినాలి, ముందే మనసులో తేల్చేసుకున్నవాడు తీర్పరిగా కూర్చోకూడదు. వీటినే సహజ న్యాయసూత్రాలు అంటాం. శరణార్థి విచారణలోనూ ఇవే సూత్రాలు. అయితే అక్కడ బరువు పూర్తిగా వేరు.

ఎంక్వైరీలో హాజరుపట్టీ ఉంటుంది, గేట్ పాస్ ఉంటుంది, పక్క షిఫ్టువాళ్ళ సాక్ష్యం ఉంటుంది. శరణార్థి దగ్గర చాలాసార్లు ఉండేది అతని నోటిమాటే. 1951 నాటి శరణార్థుల ఒప్పందం ప్రకారం అతను చూపాల్సింది జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే ఐదింటిలో ఏదో ఒక కారణంగా తనకు సొంత దేశంలో హింస తప్పదన్న సహేతుకమైన భయం. దానికి రసీదు ఎవరిస్తారు? ఇల్లు వదిలి పారిపోయేవాడు కాగితాలు సర్దుకుని బయల్దేరడు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1979లో అధికారుల కోసం తెచ్చిన మార్గదర్శిలో అందుకే రెండు మాటలు రాసింది. నిరూపించాల్సిన బాధ్యత దరఖాస్తుదారుదే అయినా, వాస్తవాలు తేల్చే పనిని విచారించే అధికారి కూడా పంచుకోవాలి. చెప్పిన కథ మొత్తంగా నమ్మదగ్గట్టు ఉంటే, మిగిలిన సందేహాన్ని అతని వైపే మొగ్గించాలి. పొరపాటు జరిగితే ఇక్కడ పోయేది ఇంక్రిమెంటు కాదు. ప్రాణానికి, స్వేచ్ఛకు ముప్పున్న చోటుకు ఎవరినీ వెనక్కి నెట్టరాదని అదే ఒప్పందంలోని 33వ అధికరణం అంటుంది. తప్పు నిర్ణయం ఆ నెట్టుడుకు కాగితం అవుతుంది.

కాగితాల్లేకుండా రావడం ఈ ఊరికి తెలియనిది కాదు. 1942లో జపాన్ సేనలు వస్తుంటే బర్మాలోని రంగం (రంగూన్) విడిచి అడవుల గుండా నడిచొచ్చినవాళ్ళు, 1962లో నెవిన్ సైనిక పాలన మొదలై దుకాణాలు, వ్యాపారాలు జాతీయం అయిపోయాక ఓడల్లో దిగినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే. చట్టం లెక్కన వాళ్ళు శరణార్థులు కారు, సొంత దేశానికి తిరిగొచ్చిన భారతీయులు. జనం మాత్రం కాందిశీకులు అనే పిలిచారు. దిక్కు తోచక పరుగెత్తేవాడని ఆ మాటకు అర్థం. చట్టం ఐదు కారణాలు లెక్కపెడితే, భాష ఆ పరుగును చూసింది.

మామూలు వీసాకూ దీనికీ ఉన్న తేడా కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ కిటికీ దగ్గర రెండు నిమిషాల్లో 214బి చీటీ, అంటే వీసా ఇవ్వమన్న కాగితం, చేతిలో పెట్టించుకుని రాత్రి బస్సెక్కి విశాఖ వచ్చేసినవాళ్ళు ఎందరో. అక్కడ కారణం వివరించరు, అప్పీలు ఉండదు. బయట నిలబడి లోపలికి రానివ్వమని అడిగేవాడికి ఆ దేశం బాకీ పడేది చాలా తక్కువ. ఆ దేశపు గడ్డ మీద ఉండి, వెనక్కి పంపితే చంపేస్తారనే మనిషి విషయంలో అలా కిటికీ మూసేయడానికి లేదు. విద్యార్థి వీసా అనుభవంతో ఆశ్రయం కేసును కొలిచే సలహాదారులు ఈ ఒక్క చోట తప్పులో కాలేస్తారు.

రేవు పట్టణంలో చెప్పుకోదగ్గ కేసు ఒకటుంది. ఇరాన్‌కు చెందిన ఒక నావికుడు 2001లో ఆస్ట్రేలియా రేవులో ఓడ దిగి, ఆశ్రయం అడిగాడు. క్రైస్తవం మీద తనకు మనసు పోయిందని, అది ఓడ కెప్టెన్‌కు తెలిసిపోయిందని, ఇక ఇరాన్ వెళ్తే ముప్పేనని అతని వాదం. మొదట చూసిన అధికారి కొన్ని కారణాలు చెప్పి కాదన్నాడు. అతను అలాంటి నిర్ణయాలను మళ్ళీ విచారించే ట్రిబ్యునల్‌కు వెళ్ళాడు. ట్రిబ్యునల్ కూడా కాదంది, కాకపోతే వేరే కారణాలతో. కెప్టెన్‌కు ఆ సంగతి తెలిసిందన్న తీరు, తెలిశాక అతను నడుచుకున్నాడన్న తీరు నమ్మేలా లేవంది. ఈ రెండూ మొదటి అధికారి ప్రశ్నించినవి కావు. ట్రిబ్యునల్ విచారణలోనూ ఇవి మాకు నమ్మకంగా లేవని ఎవరూ అనలేదు. నావికుడు చెప్పాడు, వాళ్ళు విన్నారు, అయిపోయింది.

2006 డిసెంబరులో ఆస్ట్రేలియా హైకోర్టు దీన్ని తప్పుపట్టింది. ఆ దేశంలో హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు లాంటిది. కింది అధికారి ఏయే అంశాల మీద కాదన్నాడో అవే వివాదంలో ఉన్నాయని దరఖాస్తుదారు అనుకోవడం సహజమని, కొత్త అంశాన్ని లాగాలనుకుంటే ఆ సంగతి ట్రిబ్యునల్ అతనికి తెలిసేలా చేయాలని చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. సాక్ష్యం వింటున్నంతసేపూ తన మనసులో ఏమనుకుంటున్నారో ట్రిబ్యునల్ వ్యాఖ్యానం చెబుతూ పోనక్కర్లేదు. క్రికెట్ కామెంటరీ అవసరం లేదు, వికెట్ దేనికి పడబోతోందో చెబితే చాలు. ఈ హద్దు గీయడంలోనే ఆ తీర్పు గొప్పతనం. అధికారుల మీద మోయలేని బరువు పెట్టలేదు, అలాగని నావికుణ్ణి చీకట్లోనూ ఉంచలేదు. మన పాఠ్యపుస్తకాల్లో సహజ న్యాయసూత్రాలను లాటిన్ సూక్తులతో మొదలుపెట్టి విద్యార్థిని నిద్రపుచ్చే బదులు ఈ ఓడ కథతో మొదలుపెట్టవచ్చు.

దానికి ఏడాది ముందే అదే కోర్టు ముందుకు ఆకాశరామన్న ఉత్తరం లాంటిదొకటి వచ్చింది. ఎరిట్రియా నుంచి వచ్చిన దరఖాస్తుదారు మీద ఎవరో అధికారులకు ఉత్తరం రాశారు. రాసినవాళ్ళు తమ సంగతి గుట్టుగా ఉంచమన్నారు. ట్రిబ్యునల్ ఆ ఉత్తరాన్ని అతనికి చూపలేదు, అలాంటిదొకటి ఉందని కూడా చెప్పలేదు. దరఖాస్తు కొట్టేస్తూ, ఆ ఉత్తరాన్ని మేం లెక్కలోకి తీసుకోలేదని రాసింది. బాధ్యతగా ఉన్నట్టే కనిపిస్తుంది. హైకోర్టు ఒప్పుకోలేదు. నిర్ణయానికి సంబంధమున్న, నమ్మదగ్గ, బరువైన సమాచారం చేతికొచ్చాక, ఆఖర్న దాన్ని పక్కన పెట్టామంటే చాలదు. అతనికి జవాబు చెప్పుకునే అవకాశం ముందే ఇవ్వాలి. అలాగని ఉత్తరం రాసినవాళ్ళ పేరు బయటపెట్టమనలేదు. అందులోని సారాంశం చెబితే చాలంది. మనలో ఎవరైనా ఒప్పుకునే సంగతే ఇది. ఒక మనిషి గురించి చెడ్డ మాట చెవిన పడ్డాక, ‘నేను పట్టించుకోలేదులే’ అన్నంత మాత్రాన అది మనసులోంచి పోదు.

ముఖాముఖి విచారణ సంగతికొస్తే, దానికి పునాది వేసింది కెనడా. 1985 ఏప్రిల్ 4న వచ్చిన సింగ్ తీర్పు అది. అప్పటి పద్ధతిలో ఒక అధికారి ప్రమాణం మీద వాంగ్మూలం తీసుకునేవాడు, ఆ రాతప్రతిని చూసి కమిటీ సలహా ఇచ్చేది, మంత్రి తేల్చేవాడు. తేల్చేవాళ్ళెవరూ ఆ మనిషి ముఖం చూసేవారు కాదు. కాదనడానికి వాడిన సమాచారం అతనికి తెలిసేది కాదు. మనిషి మాట నమ్మాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న అయినప్పుడు నోటితో చెప్పుకునే విచారణ ఉండాల్సిందేనని జస్టిస్ బెర్తా విల్సన్ రాశారు. అందరినీ పిలిచి వినాలంటే ఖర్చెంతవుతుందో అన్న ప్రభుత్వ వాదన ఆమె దగ్గర నిలవలేదు. ఆ తీర్పు పర్యవసానంగానే 1989లో అక్కడ శరణార్థుల బోర్డు ఏర్పడింది. కెనడాలో ఏప్రిల్ 4ను శరణార్థుల హక్కుల దినంగా పాటిస్తారు. కేసు వేసినవాళ్ళలో ఎక్కువమంది మన దేశం నుంచి వెళ్ళిన సిక్కులు. మన దగ్గర ఆ రోజు ఎవరికీ గుర్తుండదు.

ఇదే సమస్య ఇంకో రూపంలో 2015లో ఆస్ట్రేలియాలో తేలింది. శ్రీలంక తమిళుడొకరిని ఒక సమీక్షకుడు ఎదుట కూర్చోబెట్టుకుని విన్నాడు. ఆ తర్వాత ఆయన మారిపోయి, వచ్చిన రెండో ఆయన రికార్డింగు, కాగితాలు చూసి, మళ్ళీ పిలవకుండానే నమ్మలేమని రాసేశాడు. మనిషి మారిన సంగతే దరఖాస్తుదారుకు చెప్పలేదు. హైకోర్టు దాన్నీ కొట్టేసింది.

ఇక అన్నిటికన్నా లోతైన గుంట భాష దగ్గర ఉంది. గుంట అన్న మాటే చూడండి. కోస్తాలో మిగతాచోట్ల గొయ్యి, ఉత్తరాంధ్రలో పిల్ల. "గుంటని లాక్కుపోయారు" అన్న వాక్యం తెలియని దుబాసీ చేతిలో ఏమవుతుందో చెప్పలేం. మాండలికం ఒక్కటే అయితే నయమే. తెలుగు వ్యాకరణమే విచారణ గదిలో ఉచ్చు బిగిస్తుంది. "ఎస్సైగారు వచ్చారు, కొట్టారు" అంటే వచ్చింది ఒక్కడే, బహువచనం గౌరవం కోసం, లేదా భయం కోసం. ఇంగ్లీషులో అది ‘వాళ్ళు’ అయితే, ఎంతమంది వచ్చారన్న ప్రశ్నకు ఒక్కరే అన్న జవాబు అబద్ధంలా వినిపిస్తుంది. పెదనాన్న కొడుకు మనకు అన్నయ్యే. దరఖాస్తు ఫారంలో సోదరులు ఒక్కరేనని రాసి, విచారణలో ఇద్దరన్నయ్యల పేర్లు చెప్పినవాడు అబద్ధమాడలేదు. మొన్న అంటే నిన్నటి ముందు రోజు కావచ్చు, రెండేళ్ళ కిందటా కావచ్చు. మేము, మనము వేరని తెలుగుకు తెలుసు. ఇంగ్లీషులో రెండూ ఒకటే అయిపోతాయి. "మేం ఊరేగింపులో వెళ్ళాం" అన్నవాడు ఎవరెవరిని కలుపుకుని చెప్పాడో అనువాదంలో జారిపోతుంది.

తేదీలైతే మరీను. విశాఖలో పెద్దవాళ్ళను అడిగి చూడండి. హుద్‌హుద్‌కు ముందా తర్వాతా అని మొదలుపెడతారు. 2014 అక్టోబరు 12 అనరు. సంక్రాంతి వెళ్ళిన నాలుగో నాడు అంటారు. అలా గుర్తుపెట్టుకున్న మనిషిని నెల, తేదీ చెప్పమని నిలదీస్తే ఒక అంకె చెబుతాడు, నాలుగు నెలల తర్వాత ఇంకో అంకె చెబుతాడు. దెబ్బలు తిన్నవాడికి, చెరచబడినవాళ్ళకు జ్ఞాపకం ఇంకా చెదురుమదురుగా ఉంటుంది. పైగా, సొంత దేశపు అధికారుల చేతుల్లో నలిగినవాడు ఏ దేశపు అధికారి ముందైనా నోరు విప్పడానికి జంకుతాడని పైన చెప్పిన 1979 మార్గదర్శే అంటుంది. వీటిలో ఏదీ దరఖాస్తుదారు నిజమే చెబుతున్నాడనడానికి రుజువు కాదు. పొంతన కుదరకపోవడానికి అబద్ధం ఒక్కటే కారణం కాదన్నంత వరకే. అందుకే ఆ పొంతన లేనితనాన్ని ఎదురుగా పెట్టి అడగాలి.

ఆస్ట్రేలియా పీఆర్ కోసం పాయింట్లు లెక్కపెట్టుకునే మన కుర్రాళ్ళకు నాటి (NAATI) అనే సంస్థ పెట్టే పరీక్ష బాగా తెలుసు. తెలుగు, ఇంగ్లీషు సంభాషణలు అటూఇటూ మార్చి చెప్పి, 90కి 63 తెచ్చుకుంటే ఐదు పాయింట్లు. ఆ దేశంలో దుబాసీలకు ధ్రువీకరణ ఇచ్చేది కూడా ఆ సంస్థే, కాకపోతే ఆ ధ్రువీకరణ పరీక్ష వేరు. ఐదు పాయింట్లకని నేర్చుకున్న విద్య ఎంత ప్రమాదకరమైన పనికి సంబంధించిందో తెలిసి చదివేవాళ్ళు తక్కువ. అమెరికాలో ఇంకో రకం. అక్కడ ఆశ్రయం ఆఫీసులో ఇంటర్వ్యూకు వెళ్ళేవాళ్ళు 2023 సెప్టెంబరు నుంచి మళ్ళీ తమ దుబాసీని తామే తెచ్చుకోవాల్సి వస్తోంది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ను ఇవ్వరు. ఎదురుగా మాత్రం ప్రభుత్వ న్యాయవాది ఉంటాడు. ఆ జడ్జీలు కూడా న్యాయశాఖ ఉద్యోగులే, మన మేజిస్ట్రేట్ల లాంటి స్వతంత్ర న్యాయవ్యవస్థకు చెందినవాళ్ళు కారు.

తొందర గురించి రెండు మాటలు చాలు. బ్రిటన్‌లో నిర్బంధంలో ఉంచి వేగంగా తేల్చే పద్ధతి ఉండేది. రెండు పనిదినాల్లో అప్పీలు వేసుకోవాలి. బందీగా ఉన్నవాడు ఆలోగా లాయర్‌ను వెతుక్కుని, సాక్ష్యం తెప్పించుకోవాలి. ఆ నియమాలు నిర్మాణంలోనే అన్యాయమైనవని అప్పీలు కోర్టు 2015లో తేల్చింది. అదే ఏడాది ఆస్ట్రేలియా, పడవల్లో వచ్చినవాళ్ళ కోసం కాగితాల మీదే సమీక్షించే ప్రత్యేక సంస్థను మొదలుపెట్టింది. కొత్త సమాచారం సాధారణంగా తీసుకోరు, పిలిచి వినరు. 2024 అక్టోబరులో కొత్త ట్రిబ్యునల్ వచ్చేదాకా అది నడిచింది.

అధికారుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది, కొట్టిపారేయదగ్గది కాదు. అనుమానం ఎక్కడుందో ముందే చెబితే, అబద్ధం ఆడేవాడు అక్కడ అతుకు వేసుకుంటాడు కదా? అల్లిన కథలతో వచ్చేవాళ్ళు లేరనడం అమాయకత్వం. ఏజెంట్లు ఒకే కథను పదిమందికి అమ్మిన సందర్భాలు ఉంటాయి. కానీ అతుకు వేయడం అనుకున్నంత తేలిక కాదు. ఎదురు ప్రశ్న పడగానే నిజం చెప్పేవాడికి కొత్త వివరాలు వస్తాయి, వాటిని ఇంకో వైపు నుంచి సరిచూడవచ్చు. అబద్ధం చెప్పేవాడు ఒక అతుకు కోసం ఇంకో చిరుగు పెట్టుకుంటాడు. పైగా, అడిగి, జవాబు విని, అయినా నమ్మలేదని రాసిన నిర్ణయాన్ని పై కోర్టు సాధారణంగా ముట్టుకోదు. అడక్కుండా రాసినదే వెనక్కొస్తుంది. కేసులు పేరుకుపోయాయని విసుక్కునే ట్రిబ్యునళ్ళు ఆ పది సెకన్లు మిగుల్చుకుని రెండేళ్ళు పోగొట్టుకుంటున్నాయి.

ప్రతి లోపానికీ తీర్పు కొట్టేస్తారా అంటే, కాదు. ఈసీఐఎల్ కేసులోనే మన సుప్రీంకోర్టు ఆ జాగ్రత్త చెప్పింది. రిపోర్టు ఇవ్వకపోవడం వల్ల ఉద్యోగికి నిజంగా నష్టం జరిగిందా అని చూడాలంది. ఆస్ట్రేలియా హైకోర్టు కూడా ఈమధ్య అదే దారిలో నడుస్తోంది. లోపం లేకపోయి ఉంటే ఫలితం మారడానికి వాస్తవంగా వీలుండేదా అని అడుగుతోంది. సబబే, కానీ ఒక చిక్కుంది. ఆ మనిషి ఏం చెప్పి ఉండేవాడో తెలియకపోవడానికి కారణం అతన్ని అడగకపోవడమే. అడగనివాడు చేసిన తప్పుకు, అడిగి ఉంటే ఏమయ్యేదో రుజువు చేసే బరువు మళ్ళీ అతని నెత్తినే పడుతుంది.

ఇదంతా ఎక్కడో జరిగేది. విశాఖకే ఎవరైనా ఆశ్రయం కోరి వస్తే? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అఫ్గాన్ విద్యార్థులు చదువుకుంటున్నారు. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్ళిన వారంలో బీచ్ రోడ్డులో వాళ్ళు పడ్డ గుబులు ఊరంతా చూసింది. అలాంటి విద్యార్థి చదువు అయిపోయి, వీసా గడువు ముగిసి, వెనక్కి వెళ్ళలేనంటే ఏ గదిలో ఎవరి ముందు చెప్పుకోవాలి? భారత్ 1951 ఒప్పందం మీదగానీ 1967 ప్రోటోకాల్ మీదగానీ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం లేదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1న కొత్త చట్టం అమల్లోకొచ్చింది. అందులోనూ, విదేశీయుణ్ణి కాదని రుజువు చేసుకునే భారం ఆ మనిషిదే. అఫ్గాన్‌ల వంటి వారి దరఖాస్తులను ఐక్యరాజ్యసమితి సంస్థే ఢిల్లీలో విచారిస్తుంది. విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజుకు పైగా ప్రయాణం. ఆ సంస్థ సొంత నియమాల్లో ఇంటర్వ్యూ, దుబాసీ, రాతపూర్వక కారణాలు, వేరే అధికారి దగ్గర అప్పీలు అన్నీ ఉన్నాయి. కానీ అది ఇచ్చే కార్డు మన చట్టం ఇచ్చిన హక్కు కాదు.

కోర్టులు ఉన్నంతలో కొంత గట్టుకట్టాయి. విచారించకుండా పాస్‌పోర్టు లాక్కోవడం చెల్లదన్న 1978 మేనకాగాంధీ తీర్పు, ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణనిచ్చే మన రాజ్యాంగం 21వ అధికరణం పౌరులకే కాదు మనుషులందరికీ అన్న 1996 నాటి అరుణాచల్ చక్మా శరణార్థుల తీర్పు అలాంటివి. 1991లో మాత్రం, విదేశీయుణ్ణి పంపించేముందు ఎలాంటి విచారణ ఇవ్వాలన్నదానికి ఒకే కొలత లేదని, పరిస్థితిని బట్టి ఉంటుందని సుప్రీంకోర్టు అంది. ఆ పరిస్థితిని బట్టి అన్న మాటలో ఎంత చోటుందో అధికారులకు బాగా తెలుసు.

అయినా 2024 జూలైలో వచ్చిన తీర్పొకటి ఆ చోటును కొంత కుదించింది. అది ఆశ్రయం కేసు కాదు, అసోంలో పౌరసత్వ వివాదం. ఊరికే అనుమానం ఉందంటూ ఎవరింటి తలుపైనా తట్టి, భారతీయుడివని నిరూపించుకో అనడానికి వీల్లేదని, అనుమానానికి ఆధారమేమిటో ముందు ఆ మనిషికి ఇవ్వాలని చెప్పింది. కాగితాల్లో పేరు స్పెల్లింగు కాస్త అటూఇటూ ఉన్నంత మాత్రాన మనిషి విదేశీయుడైపోడంది. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒక కాగితంలో వెనక, ఇంకో కాగితంలో ఒట్టి పొడి అక్షరంగా ఉండే తెలుగువాళ్ళకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది. ఆ కేసులోని మనిషిని ట్రిబ్యునల్ విదేశీయుడని 2012లో ప్రకటించింది. సుప్రీంకోర్టు కాదని తేల్చేనాటికి ఆయన చనిపోయి ఉన్నారు.